గండి

కొండల వరుసను కోసుకుని ఏరు బయటపడే సందును మనవాళ్లు గండి అంటారు. చెరువుకట్ట తెగి నీళ్లు పొలాల మీద పడితే, ఆ తెగిన చోటూ గండే. మొదటిది ఏరు తనకు తాను చేసుకున్న దారి. రెండోది మనిషి పెట్టిన అడ్డును అదే ఏరు తోసేసిన గుర్తు. పెన్న ఎర్రమలను కోసిన చోట గండికోట వెలిసింది. పాపఘ్ని శేషాచలం కొండల్ని దాటే చోట ఆంజనేయుడు గండి ఆంజనేయుడయ్యాడు. ఆ రెండింటికీ పేరొచ్చింది. మా వైపు, నల్లమలకు తూర్పున, గుండ్లకమ్మ కొండల్ని కోసిన చోటు ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ గండి అనరు. ఎప్పుడో దాన్ని పూడ్చేశారు మరి. ఇప్పుడది కంభం చెరువు.

ఆ కట్ట మీదికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు గానీ, కట్టను చూసింది మాత్రం ఒక్కసారే. ఈ తేడా నాకు చెప్పినాయన గేదెల్ని ఇంటికి తోలుకుపోతున్న ఒక ముసలాయన. అవి కార్తీక మాసపు రోజులు. తుపాను వెలిసి నాలుగు రోజులైంది. నీళ్లు కట్టను ఆనుకుని, ఎదురుగాలికి చిన్న చిన్న అలలుగా రాళ్లను తడుముతున్నాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"ఏందబ్బయ్యా, నీళ్లు చూడ్డానికొచ్చినావా?"

"కట్ట చూద్దామని, పెద్దాయనా."

"కట్ట చూడాలంటే నీళ్లు లేనప్పుడు రావాల. ఇప్పుడేం కనపడుద్దీ?"

ఆ మాట పట్టుకుని ఒక కరువు ఏడాది వైశాఖంలో మళ్లీ వెళ్లాను. చెరువు అడుగు నెర్రెలిచ్చి, ఎండిన తామర తూళ్లు కాళ్లకింద పటపటమంటున్నాయి. దూరంగా ఒక మడుగులో మిగిలిన నీళ్ల చుట్టూ కొంగలు మూగి ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే అప్పుడు కనపడింది కట్ట, అడుగు నుంచి తలదాకా. ఒక కొండ భుజం మీంచి ఇంకో కొండ భుజానికి వేసిన మట్టి గోడ, దాని ముఖాన రాళ్ల పేర్పు. తాపీగా నడిస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి ఐదు నిమిషాలు. పొడవు దాదాపు 300 మీటర్లు. ఎత్తు 57 అడుగులని బ్రిటిష్ కాలపు గెజిటీర్లలో రాశారు. ఇంతే కట్ట. కానీ అది నిలబెట్టే నీరు నిండినప్పుడు ఏడు కిలోమీటర్ల పొడవునా, మూడున్నర కిలోమీటర్ల వెడల్పునా పరుచుకుంటుంది. మన ఊళ్లలో మామూలు చెరువును తలుచుకోండి. వంద ఎకరాల నీటికి అర మైలు కట్ట, అదీ కొడవలిలా వంగి. ఇక్కడ లెక్క తారుమారైంది. చారెడు మట్టితో సముద్రాన్ని ఆపినట్టు.

చారెడు చాలడానికి కారణం మిగతా పని కొండలు చేసి పెట్టడం. ఆ కొండల మధ్య సరిగ్గా అంతే సందు మిగలడానికి కారణం గుండ్లకమ్మ. కట్ట కట్టిన వాళ్లను అందరూ పొగుడుతారు, పొగడాల్సిందే. కానీ అక్కడ సగం పని మనుషులు రాకముందే అయిపోయింది. ఆ సగం ఎలా జరిగిందో తెలియాలంటే నేల కిందికి దిగాలి.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ఉన్న ఈ లోయకు పడమట నల్లమల, తూర్పున వెలిగొండ. రెండూ ఉత్తర దక్షిణాలుగా సాగే కొండ వరుసలు. 1872లో జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ అనే ఆయన కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో నల్లమల రాళ్లను రెండుగా విడదీశాడు. కొండ తలల మీద ఉండే గట్టిరాయికి బైరేనికొండ పేరు, లోయల్లో పరుచుకున్న మెత్తని పలకరాయికి కంభం పేరు పెట్టాడు. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివే పిల్లవాడైనా మన దేశపు పాత రాళ్ల దగ్గరికొస్తే 'కంభం' అన్న మాట పలకాల్సిందే. తమిళనాడులో ఒక కంభం ఉంది, ఖమ్మాన్నీ ఒకప్పుడు ఖంభం అనేవారు. పేర్లలో తికమక పడని కంభం రాళ్ల పుస్తకాల్లో ఇదొక్కటే.

ఈ రాళ్ల వయసు చెప్పడానికి ఒక చక్కని సాక్ష్యం రైలు దారిలోనే దొరికింది. గిద్దలూరు నుంచి నంద్యాలకు పోయే రైలు దిగువమెట్ట దాటి నల్లమలలోకి దూరుతుంది. అడవి మధ్యలో చెలమ అని ఒక చిన్న స్టేషను. దాని పరిసరాల్లో భూమి లోతుల నుంచి కరిగిన రాయి పైకి చీల్చుకుని వచ్చి, కంభం రాళ్లలోకి గోడల్లా జొరబడి గడ్డకట్టింది. వజ్రాల తల్లిరాయి జాతికి దగ్గరిది కావడంతో దాని మీద ప్రపంచ శాస్త్రజ్ఞుల కన్ను పడింది. వయసు కొలిస్తే సుమారు 140 కోట్ల సంవత్సరాలని తేలింది. చుట్టం కన్నా ఇల్లు ముందుండాలి కదా. చెలమ రాయి వచ్చి దూరే నాటికే కంభం పలకరాయి అక్కడ ఉంది. అంటే అది ఇంకా పాతది. అప్పటికి భూమ్మీద చేప లేదు, గడ్డిపరక లేదు. కంటికి కనపడని జీవాలూ, నీటి అడుగున పాకుడు పొరలూ తప్ప ప్రాణం అనదగ్గది లేదు.

అప్పుడిక్కడ సముద్రం. అడుగున సన్నని బురద పేరుకుంటూ పోయింది. కొన్ని చోట్ల ఇసుక పేరుకుంది. తరవాత భూమి పక్కల నుంచి నొక్కితే ఆ పొరలన్నీ గుడ్డ ముడుచుకున్నట్టు ముడతలు పడ్డాయి. ఇసుక ఉడికి ఇనుములాంటి రాయైంది. బురద పలకరాయైంది. ఒక చిత్రం చెప్పాలి. పలక విడివడేది బురద పేరుకున్న వరుసలో కాదు. పక్కల నుంచి నొక్కినప్పుడు లోపలి సన్నని అభ్రకపు రేకులన్నీ ఆ ఒత్తిడికి అడ్డంగా తిరిగి వరుస తీరాయి. ఉలి పెట్టి కొడితే రాయి ఆ కొత్త వరుస వెంటే విడిపోతుంది. పుట్టుక చెప్పిన దారిన కాదు, పడ్డ బాధ చెప్పిన దారిన.

ఇలాంటి నేల మీద ఏరు పడితే ఏమవుతుంది? మెత్తని పలకరాయిని తేలిగ్గా తినేస్తుంది, గట్టిరాయి దగ్గర ఆగిపోవాలి. ఆగి, పక్కకు తిరిగి, కొండ చివర వెతుక్కోవాలి. గుండ్లకమ్మ అలా చేయలేదు. కొండకు అడ్డంగా నడిచింది. ఏరు కొండనెలా దాటిందని అడగడంలోనే పొరపాటుంది, ఏరు పుట్టినప్పుడు అక్కడ కొండ పైకి కనపడేది కాదు అంటారు శాస్త్రజ్ఞులు ఇలాంటి గండ్ల గురించి. నేల ఎత్తుగా ఉండేది, గట్టిరాయి వరుస దాని కింద పూడి ఉండేది. ఏరు పైన తన దారిన పారుతూ, రంపం దించినట్టు మెల్లగా కిందికి దిగింది. గట్టిరాయి తగిలేసరికి పక్కకు తప్పుకునే వీల్లేని లోతులో ఉంది. కోస్తూనే పోయింది. చుట్టుపక్కల మెత్తని నేలంతా వానలకు కొట్టుకుపోగా కొండ పైకి తేలింది. రంపపు కోత మాత్రం అలాగే ఉండిపోయింది. ఏరు కొండను ఎక్కలేదు, కొండే ఏటి చుట్టూ లేచింది.

ఆ రంపపు చప్పుడు ఇప్పటికీ వినాలంటే కంభానికి ఎగువన, రాచర్ల మండలంలో జె.పుల్లలచెరువు దాటి అడవిలోకి పోవాలి. నెమలిగుండ్ల రంగనాయకస్వామి ఉన్నచోటు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మ రాతి మీంచి జారి గుండంలో పడుతుంది. నెమలి రూపంలో ఉన్న మయూర మహర్షి ముక్కుతో పొడిచి ఆ గుండం తవ్వాడని కథ. చెంచుల ఆడపడుచు రంగ మీద మనసుపడిన స్వామి అక్కడే ఉండిపోయాడని ఇంకో కథ. నల్లమలలో ఏ దేవుడికైనా చెంచులతో వియ్యం తప్పదు. అహోబిలంలో నరసింహుడికీ అంతే. గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆ రోజు ట్రాక్టర్లు, ఆటోలు, పొంగళ్ల పొగ, గుండంలో పిల్లల ఈతలు. చీకటి పడకముందే అందరూ అడవి దాటి పోవాలి.

నేను గుండం ఒడ్డున ఒక రాతిమీద కూర్చుని ఏటి అడుగునున్న గుండ్లను చూశాను. పేరు అందుకే వచ్చిందేమో అనిపించింది, శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ. కోడిగుడ్డంత నుంచి దూడంత దాకా, అన్నీ నునుపే. వరదొచ్చినప్పుడు ఇవి కదులుతాయి. ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, అడుగు రాతిని కొడతాయి, సుడి పడిన చోట గిర్రున తిరిగి రోలులా తొలుస్తాయి. నీరు ఒక్కటే రాయిని కోయలేదు. రాయిని కోసేది రాయే, నీరు దానికి చెయ్యి మాత్రమే. నెమలి ముక్కు కథ అల్లిన మనిషి ఎవరో గాని, రాయి మీద పదేపదే పడ్డ పోటు వల్లే గుండం పుట్టిందని కనిపెట్టాడు. ఆ ముక్కు నెమలిది అన్నాడు, అంతే.

ఏరు పుట్టుక ఇంకా పైన, నంద్యాల వైపు అడవుల్లో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. ఆ పేరుతోనే ఇప్పుడక్కడ వన్యప్రాణుల అభయారణ్యం ఉంది, పెద్దపులి తిరిగే చోటు. కిందికి దిగుతూ జంపలేరునూ యనమలేరునూ కలుపుకుంటుంది. గెజిటీరు లెక్కన కంభం గండికి చేరే నీరు 430 చదరపు మైళ్ల నేల మీద పడిన వాన. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల అడవీ గుట్టా మెట్టా తడిసి, ఆ తడి అంతా మూడు వందల మీటర్ల సందుకు రావాలి.

ఈ లోయలో మరో తమాషా ఉంది, బస్సులో కూర్చుంటే తెలియదు. గిద్దలూరు నుంచి కంభం వచ్చే దారిలో ఎక్కడా మెట్ట ఎక్కినట్టుగానీ దిగినట్టుగానీ ఉండదు. అయినా ఆ చదునులోనే నీళ్లు విడిపోతాయి. సగిలేరు గిద్దలూరు పక్క నుంచి దక్షిణానికి తిరిగి, కడప వైపు పోయి పెన్నలో కలుస్తుంది. గుండ్లకమ్మ ఉత్తరానికీ తూర్పుకీ మళ్లి, వెలిగొండల వరుసను కూడా దాటి, ఎవరిలోనూ కలవకుండా ఒంగోలు దాపున సముద్రానికి చేరుతుంది. ఒకే లోయ, ఒకే వాన. ఒకటి నెల్లూరు దారి పట్టింది, ఒకటి ఒంగోలు దారి. ఇక్కడి మనుషుల చరిత్రా అచ్చం ఇలాగే ఉంటుంది, ఎటు లెక్కలోకి వస్తారో తేలదు. 1800లో నిజాం దత్తమండలాల్ని కంపెనీకి ఇచ్చేసినప్పుడు కంభం, మార్కాపురం కడప కలెక్టరు కిందికి వచ్చాయి. 1858లో కర్నూలుకు మారాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లాయి, రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. మాటలో రాయలసీమ యాస, కచేరీ మాత్రం ఏళ్లపాటు కోస్తాలో. మధ్యలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడి నల్లమలలోకి వెళ్లాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ కొండలకు దాచడం తెలుసు గానీ ఎంతకాలమని దాస్తాయి?

ఇక గండి పూడ్చినవాళ్ల సంగతి. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఊరు చెబుతుంది, పాత గెజిటీర్లూ ఆ మాటే రాశాయి. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడు గెలిచి, కళింగం దాకా పోయి, చివరికి ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకుని ఆయన కూతుర్ని పెళ్లాడాడు. గెలిచినవాడికీ ఓడినవాడి బిడ్డకీ మనసు కలవలేదని, ఆమె విజయనగరం వదిలి ఈ మారుమూల కొండల మధ్యకు వచ్చి ఉండిపోయిందని కథ. ఆమెనే తుక్కాదేవి అంటారు కొందరు. తుక్కా పంచకమని ఐదు సంస్కృత శ్లోకాలు ఆమె పేరు మీద ఉన్నాయి, అవి ఒంటరితనపు శ్లోకాలు. పేరు వరదరాజమ్మ కావడం నాకెప్పుడూ చిత్రంగా తోస్తుంది. సంస్కృతంలో వరద అంటే వరమిచ్చేది. తెలుగులో వరదంటే ఏటిపోటు. ఏటిపోటును పట్టి ఆపి వరంగా మార్చిన మనిషికి అంతకన్నా సరైన పేరు ఎవరు పెట్టగలరు?

రాజకుమారి సొమ్ము పెట్టి ఉండవచ్చు. కానీ ఈ చోటే ఎందుకు, ఇంత కట్టే ఎందుకు అని చూపించిన కన్ను ఎవరిది? అది ఒక్క రోజులో పుట్టిన తెలివి కాదు. సాక్ష్యం ఈ లోయకే దక్షిణాన, సగిలేటి వైపు, పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ ఒక పెద్ద చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతకన్నా గొప్పది, చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ ఉండకూడని ఆరు దోషాలూ వరుసగా చెక్కించడం. ధర్మం తెలిసిన రాజు కావాలట. నీటి శాస్త్రం చదివిన పండితుడు కావాలట. గట్టి మట్టి నేల, తియ్యని నీళ్ల ఏరు, ఆ ఏటిని ఆనుకున్న కొండ ఉండాలి. ఆ కొండల నడుమ రాతితో బిగించిన కట్ట, మరీ పొడుగు కానిదీ గట్టిదీ అయి ఉండాలి. దగ్గరలోనే రాతి గని, పని తెలిసిన మనుషులు. దోషాల్లో మొదటిది కట్ట చెమ్మగిల్లి నీరు కారడం. చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ దిబ్బ, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం.

మరీ పొడుగు కాని కట్ట, కొండల నడుమ. ఈ ముక్క చదివినప్పుడు నాకు కంభం కట్టే కళ్లముందు కనపడింది. పోరుమామిళ్ల వాళ్లు సూత్రం రాశారు, దానికి తగిన చోటు మాత్రం ఏరు కంభంలో చెక్కిపెట్టింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి సంఘం ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో ఈ రెండు చెరువుల్నీ, కర్నూలు-కడప కాలువనీ ఒకేసారి చేర్చింది. ఒకే పాఠశాలలో చదివిన ఇద్దరికి ఒకేరోజు పట్టా ఇచ్చినట్టయింది, కాస్త ఆలస్యంగా.

సరిహద్దు చెరువు దోషమని చెక్కించిన మనిషి నాకు బాగా నచ్చుతాడు. ఇంజనీర్ల లెక్కల్లో రాని విషయం అది. ఇద్దరి మధ్య ఉన్న చెరువుకు పూడిక ఎవరూ తీయరు.

కంభం చెరువు నిండటం ఏటా జరిగేది కాదు. నైరుతి వాన నల్లమలను దాటి వచ్చేసరికి బరువు తగ్గిపోతుంది. ఈశాన్య వాన సముద్రం దగ్గరే సగం అయిపోతుంది. రెండింటికీ చివరి పంక్తిలో కూర్చున్న లోయ ఇది. విస్తరి ముందు కూర్చున్నాం గాని వడ్డన మా దాకా రాదు. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను నంజుకు తిన్నప్పుడు ఈ తాలూకాలు అందులోనే ఉన్నాయి. అందుకే ఇక్కడి వాళ్లు తుపాను వార్తను మిగతా ఆంధ్ర విన్నట్టు వినరు. తీరంలో వాళ్లు భయపడుతుంటే ఇక్కడ వాళ్లు కొండల మీది మబ్బు వైపు ఆశగా చూస్తారు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి, ఒడ్డు దాటి, నల్లమలకు ఆనుకుని ఒకటి రెండు రోజులు కదలకుండా కురిస్తే జంపలేరు ఎర్రగా దిగుతుంది. అప్పుడు కట్ట మీద జాతర. అలుగు పారిందంటే సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న చేతులే కనపడతాయి.

కానీ ఆ రాత్రి ముసలివాళ్లు నిద్రపోరు. నిండిన చెరువు అంటే వారికి రెండో గండి గుర్తుకొస్తుంది. ఏరు మరిచిపోయేది కాదు. అయిదు వందల ఏళ్లుగా ఆ సందు తనదేనని ప్రతి వరదకూ వచ్చి అడుగుతోంది. కట్ట కాదంటోంది. అలుగు ఉన్నది అందుకే. ఏటికి పూర్తిగా కాదని చెప్పలేం, పక్క దారి ఒకటి చూపించాలి. గెజిటీరు రోజుల్లో ఈ చెరువు కింద 10,300 ఎకరాలు తడిసేవని రాశారు. పూడిక పేరుకోవడం, కాలువల గట్లు తెగడం, వాన తప్పడం, అన్నీ కలిసి ఇప్పుడు ఆ అంకె నోట పలకడానికే బాగుంటుంది. అయినా నీళ్లున్న ఏడు తూము కింద వరి పచ్చదనం, ఆ గట్టు దాటగానే కందీ మిరపా పత్తీ ఉన్న ఎర్రమెట్ట. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఆ గీత వరదరాజమ్మ గీసిందే.

గుండ్లకమ్మ కంభం వదిలాక మార్కాపురం దాపు నుంచి పోతుంది. మారిక అనే గొల్లభామ పేరు మీద ఊరు వెలిసిందని చెన్నకేశవుడి స్థలపురాణం. గాలిగోపురం చాలా దూరం నుంచే కనపడుతుంది. విజయనగర కాలపు శిల్పులు మండపపు స్తంభాల మీద చూపిన పనితనం గురించి వేరే రాయాలి. నాకు మార్కాపురం అంటే ముందు తట్టేది గుడి కాదు, పలక. నా ఓనమాలు దాని మీదే దిద్దించారు, బహుశా మీవీ అంతే. చెక్క కట్టు, మూలల్లో రేకు, మధ్యలో బూడిదరంగు రాయి. ఉమ్మితో తుడిచి చెంపదెబ్బ తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆకుపసరూ బొగ్గూ రుద్ది నల్లగా చేసి ఎండలో ఆరబెట్టేవాళ్లం.

ఆ రాయి ఈ చుట్టుపక్కల గోతుల్లోంచే. కింగ్ దొర కంభం పేరు పెట్టిన అదే రాయి. గోతిలోంచి పెళ్లలు తీసి, నీడన కూర్చుని, పలుచని ఉలిని అంచున ఆనించి మెల్లగా తడితే అప్పడంలా విడివడుతుంది. గట్టిగా కొడితే విరుగుతుంది. తట్టడంలో ఉన్న పొందిక చెప్పి నేర్పేది కాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి రోగాల పాలైన కూలీలు ఎందరో. పిల్లలకు అక్షరాలిచ్చిన రాయి తవ్వినవాళ్లకు దగ్గు ఇచ్చింది. తరవాత నోటుబుక్కులు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. గోతులు చాలావరకు నీళ్లగుంటలయ్యాయి. మిగిలిన రాయి ఇప్పుడు పట్నాల్లో గోడలకూ గచ్చులకూ డిజైను పలకలుగా పోతోంది, ఓడలెక్కి విదేశాలకూ పోతోంది. ఎక్కడో చలిదేశపు ఇంటి వరండాలో మన ఓనమాల రాయి మీద బూట్ల మంచు దులుపుకుంటూ ఉంటారు.

మార్కాపురం దాటాక ఏటి కథను నేను గబగబా చెప్పేస్తాను, దిగువ మనది కాదు. నల్లమల నుంచి దోర్నాల మీదుగా వచ్చే తీగలేరు దాన్లో కలుస్తుంది. దొనకొండకు దగ్గర్లో చందవరం కొండ మీద రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ స్తూపం ఏటిని చూస్తూ ఉంది. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి దాన్ని లోకానికి చూపించారు. ఆ తరవాత అద్దంకి. 848 నాటి పండరంగని పద్యశాసనం దొరికిన ఊరు, రెడ్డిరాజుల తొలి రాజధాని. అక్కడి పండితులు మా గుండ్లకమ్మను బ్రహ్మకుండి అని సంస్కృతంలో పిలుచుకున్నారు. మా ఊళ్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. పెళ్లయ్యాక అత్తారింట్లో పేరు మార్చినట్టు.

తిరిగి గండి దగ్గరికే వస్తాను. ఈ కొండల్లో గుండ్లకమ్మ కోసిన గండి ఒక్కటే కాదు. చిన్న చిన్న వాగులు కోసినవీ ఉన్నాయి. సుంకేసుల గండి, గొట్టిపడియ గండి, కాకర్ల గండి. మూడు సందులు, వాటి వెనక కొండల నడుమ పెద్ద పళ్లెంలాంటి లోయ. ఈ మూడింటినీ కట్టలతో మూసేస్తే ఆ పళ్లెం చెరువవుతుందని ఇంజనీర్లు చూశారు. వరదరాజమ్మ నాటి కన్నే ఇది, లెక్కలు మాత్రం కొత్తవి. శ్రీశైలం వెనక జలాల్లో కొల్లంవాగు దగ్గర కృష్ణ వరదను పట్టి, నల్లమల కడుపులోంచి 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వి, దోర్నాల పక్క కొత్తూరు దగ్గర బయటికి తీసి, ఈ పళ్లెంలో నింపాలి. పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. జలాశయానికి నల్లమల సాగర్ అని పేరు, 53.85 టీఎంసీలు పట్టాలి, 4.47 లక్షల ఎకరాలు తడవాలి. శంకుస్థాపన 1996లో. మొదటి సొరంగం తవ్వకం ముగిసింది 2021లో, రెండోది 2024లో. గట్టిరాయిని కోయడానికి ఏటికి పట్టిన కాలంతో పోలిస్తే ఇది రెప్పపాటే. కానీ బోరునీళ్లలో ఫ్లోరైడుతో ఎముకలు వంగిపోయిన మనిషికి ఇరవై ఎనిమిదేళ్లు రెప్పపాటు కాదు.

పళ్లెం ఖాళీ కాదు. అందులో పదకొండు ఊళ్లు ఉన్నాయి. గుడి, బడి, పీర్లచావిడి, చింతచెట్టు, అన్నీ ఉన్న ఊళ్లే. గండి పూడిస్తే మునిగేవి ఉంటాయని కంభంలో ఎవరూ గుర్తు చేసుకోరు. చెరువు అడుగున ఏమున్నదో ఐదు వందల ఏళ్ల తరవాత అడిగేవాడుండడు.

గొట్టిపడియ వైపు నేను పోయిన రోజు మాఘమాసపు ఎండ. రెండు కొండల మధ్య కొత్త కట్ట, కంభం కట్టకన్నా ఎన్నో రెట్లు ఎత్తు, ఇంకా రాళ్లకు పాచి పట్టలేదు. లోపలి వైపున కంపచెట్ల మధ్య ఒక మేకల కాపరి, నీడ చూసుకుని కూర్చుని ఉన్నాడు. మేకలు జలాశయం అడుగున, రేపు అరవై డెబ్బై అడుగుల లోతున ఉండబోయే నేల మీద, తుమ్మకాయలు ఏరుకు తింటున్నాయి.

"నీళ్లొస్తే వీటిని ఎక్కడ మేపుతావన్నా?" అన్నాను.

అతను ముందు కట్ట వైపు చూశాడు, తరవాత నా వైపు.

"రానీ సార్, ముందు రానీ," అని లేచి, నాలుక మడిచి ఈల వేశాడు. మేకలన్నీ తలలెత్తి, కొండవార బాట పట్టాయి.